సముద్రతీరమున పట్టాభిషేకము

రామాయణమున యుద్ధకాండము చదివినవారికి ఒక చిన్న సన్నివేశము జ్ఞాపకముండును. విభీషణుడు అన్నను వీడి, నలుగురు అనుచరులతో సముద్రపుటొడ్డునకు వచ్చి రామునకు శరణుచొచ్చెను. రాముడు లక్ష్మణుని పిలిచి, సముద్రజలము తెప్పించి, వానరసేన చూచుచుండగా అతనిని లంకారాజ్యమునకు అభిషిక్తుని గావించెను. అప్పటికి సేతువు కట్టలేదు. లంకపై ఒక్క బాణమైనను విడువలేదు. రావణుడు తన సింహాసనముపై తాను చక్కగా కూర్చుండియే ఉన్నాడు. అనగా, రాజ్యము చేతికి రాకమునుపే, పరుల శిబిరమున, పరుల చేతిమీదుగా జరిగిన పట్టాభిషేకమది.

మన పెద్దలు విభీషణుని పరమభాగవతులలో లెక్కించిరి. కాని ఆ పెద్దల నోటనే “ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతయు పుట్టినది. పురాణము ఒక తీర్పు చెప్పగా, సామెత వేరొక తీర్పు చెప్పినది. ధర్మపక్షమున నిలిచినవాడే అయినను, పరసేనను వెంటబెట్టుకొని సొంతయూరికి వచ్చినవానిని జనము మనసార నమ్మజాలదు. ఈ రెండు తీర్పుల నడుమ నలిగిన ఒక మనుష్యుని కథ మన కాలముననే, భూగోళమునకు ఆవలివైపున, పనామా అను చిన్న దేశమున జరిగినది. ఆయన పేరు గియెర్మో ఎండారా.

1989వ సంవత్సరము డిసెంబరు 19వ తేది రాత్రి. పనామా కాలువ సమీపమున, అమెరికా సంయుక్తరాష్ట్రములకు చెందిన ఫోర్ట్ క్లేటన్ అను సైనికస్థావరము. అచ్చట నడిరేయి వేళ ముగ్గురు పౌరులు తమ దేశమునకు విధేయులమై ఉందుమని ప్రమాణము చేసిరి. వారిలో మిక్కిలి స్థూలకాయుడైన ఒక న్యాయవాది ఆ క్షణమున పనామా దేశాధ్యక్షుడైనాడు. తక్కిన యిరువురును ఉపాధ్యక్షులైరి. చూచుటకు ప్రజలు లేరు. మేళతాళములు లేవు. రాత్రి ఒంటిగంట కాకముందే అమెరికా విమానములును ఫిరంగులును ఆ దేశపు రాజధానిపై నిప్పులు కురిపింప నారంభించినవి. సుమారు 27 వేలమంది అమెరికా సైనికులు ఆ దాడిలో పాల్గొనిరి. ఆనాటి పనామా జనసంఖ్య పాతిక లక్షలకు లోపు.

ఈ ఎండారా యెవ్వరు? రెండేండ్లు వెనుకకు పోయి పనామా వీథులలో ఈ ప్రశ్న అడిగియుండినచో, న్యాయస్థానముల చుట్టు తిరుగువారు తప్ప జవాబు చెప్పగలవారు అరుదు.

ఆయన 1936 మే 12వ తేదీన జన్మించెను. తండ్రి ఆర్నుల్ఫో ఆరియాస్ అను రాజకీయనాయకునికి అనుచరుడు. ఈ ఆరియాస్ గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆయన హార్వర్డులో చదివిన వైద్యుడు, మాటకారి, మొండివాడు. 1940లో, 1949లో, 1968లో మూడు పర్యాయములు అధ్యక్షపదవి నెక్కెను. మూడు పర్యాయములును గడువు తీరకుండగనే దింపబడెను. మూడవసారి ఆయన పరిపాలన సాగినది పదునొకండు దినములు మాత్రమే. ఆయన కాలుజారినప్పుడెల్ల ఎండారా కుటుంబమునకును స్థానభ్రంశము కలుగుచు వచ్చెను. 1941లో ఆరియాస్ పడిపోగా ఆ కుటుంబము దేశము విడిచినది. కుమారుని చదువు కొంత అర్జెంటీనాలోను, కొంత అమెరికాలోను సాగినది. పిమ్మట ఆయన పనామా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, న్యూయార్కులో పైచదువు ముగించి, స్వదేశమున న్యాయవాదవృత్తి నవలంబించెను. ఆ విశ్వవిద్యాలయముననే వాణిజ్యచట్టము బోధించుచు కొంతకాలము ఉపాధ్యాయుడుగా కూడ ఉండెను. 1968లో ఆరియాస్ మంత్రివర్గమున ఆయనకు ఒక స్థానము లభించినది. అదియు ఆ పదునొకండు దినముల ముచ్చటయే. తరువాత చెరసాల, ప్రవాసము. 1977లో తిరిగివచ్చి మరల తన న్యాయగ్రంథముల నడుమ కూర్చుండెను.

ఆయన వక్త కాడు. ఆకారమున నాయకుడు కాడు. గుండ్రని ముఖము, బరువైన శరీరము, మెత్తని మాట. దేశస్థులు ఆయనకు పెట్టిన ముద్దుపేరు “తియ్యరొట్టె”. ఆ పేరున వెటకారమెంతో వాత్సల్యమును అంత యున్నది.

ఇట్టివాడు దేశాధ్యక్షపదవికి అభ్యర్థి యెట్లయ్యెను? 1988 ఆగస్టులో, ఎనుబదియేడవ యేట, ఆర్నుల్ఫో ఆరియాస్ మయామీ నగరమున మరణించెను. బ్రతికియుండిన ఆయనయే మరల పోటీచేసెడివాడు. ఆయన పోగా ప్రతిపక్షములు ఒక పేరుకొరకు వెదకవలసివచ్చెను. పెద్దపేరుగల యే నాయకుడు నిలిచినను తక్కినవారికి కంటగింపుగా నుండెను. ఎండారాపై ఎవ్వరికిని అసూయ లేదు. పోయిన నాయకునికి నమ్మినబంటు. ధనలోభి యను నింద లేదు. రేపు తమను మించిపోవునన్న భయమును లేదు. ఎవ్వరికిని గొప్పగా తోపనివాడు అందరికిని సమ్మతుడగుట రాజకీయములలో వింత కాదు. కాల్డెరోన్ అను తత్త్వశాస్త్రాచార్యుడును, బిల్లీ ఫోర్డ్ అను వ్యాపారవేత్తయు ఉపాధ్యక్షపదవులకు ఆయన ప్రక్కన నిలిచిరి.

ఇచ్చట పనామా గూర్చి కొంత తెలిసికొనిననే గాని తరువాతి కథ బోధపడదు. మన పాఠశాలల భూగోళపాఠమున పనామా యనగా కాలువయే. ఆ దేశపు చరిత్ర కూడ చాలవరకు కాలువయే. 1903 నవంబరు 3వ తేదీన పనామా కొలంబియా నుండి విడివడి స్వతంత్రదేశ మాయెను. దానికి ముందటి సాయంకాలమే నాష్విల్ అను అమెరికా యుద్ధనౌక ఆ తీరమున లంగరు దించియుండెను. క్రొత్తదేశమునకు మొదటి అధ్యక్షుడైన మనువేల్ అమడోర్ గెర్రేరో, అమెరికనుల యాజమాన్యమున నున్న రైలుకంపెనీలో వైద్యుడు. స్వాతంత్ర్యము వచ్చిన పదునైదు దినములకే కాలువ ఒప్పందముపై సంతకమైనది. పనామా పక్షమున ఆ సంతకము చేసినవాడు ఒక ఫ్రెంచివాడు. ఆ సంతకముతో పది మైళ్ల వెడల్పు గల నేల శాశ్వతముగా అమెరికా అధికారము క్రిందికి పోయినది. 1914లో కాలువ తెరవబడినది. దేశము నడుమ పరదేశపు నేల, ఆ నేలపై పరదేశపు జెండా, పరదేశపు సైన్యము! 1964 జనవరిలో తమ జెండాను గూడ అచ్చట ఎగురవేయవలెనని పాఠశాల విద్యార్థులు బయలుదేరగా, చెలరేగిన అల్లరులలో ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ దేశమునకు తనదైన కాగితపునాణెము కూడ లేదు. బల్బోవా అను పేరేగాని, చేతులు మారునది అమెరికా డాలరే.

కాలువను తిరిగి సంపాదించిన కీర్తి ఒక సైనికాధికారికి దక్కినది. 1968లో ఆరియాస్ను కూలద్రోసిన సైన్యమునకు నాయకుడైన ఒమార్ తోరీహోస్, 1977లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరుతో ఒప్పందము కుదుర్చుకొనెను. 1999 డిసెంబరు చివరిదినమున కాలువ పనామాకు దక్కవలెనని అందలి నిర్ణయము. 1981లో తోరీహోస్ విమానప్రమాదమున మరణించెను. ఆయన క్రింద గూఢచారిశాఖను నడిపిన మనువేల్ నోరియేగా క్రమముగా సైన్యమును, సైన్యముద్వారా దేశమును చేజిక్కించుకొనెను. నోరియేగా ఎన్నడును అధ్యక్షపదవిలో కూర్చుండలేదు. అధ్యక్షులను కూర్చుండబెట్టుటయు లేపుటయు ఆయన పని. అమెరికా గూఢచారిసంస్థనుండి సంవత్సరములతరబడి ధనము పుచ్చుకొన్నవాడు ఆయన. ఆ అమెరికాయే 1988లో ఆయనపై మాదకద్రవ్యముల వ్యాపారమునకు తోడ్పడెనని నేరము మోపినది. పాముకు పాలుపోసి పెంచినవారే పాము కరచుచున్నదని కేకలు వేసిరి. వెంటనే ఆర్థిక ఆంక్షలు వచ్చినవి. తమ నాణెము తమకు లేని దేశమున డాలర్లు ఆగిపోగా బ్యాంకులు మూతపడినవి, జీతములు నిలిచిపోయినవి. నోరియేగాకు జరిగిన కష్టమేమియు లేదు. కష్టమంతయు బజారులో కూలినాలి చేసికొనువారిది.

ఈ పరిస్థితులలో 1989 మే 7వ తేదీన ఎన్నికలు జరిగినవి. ఎండారాకు ప్రతిగా నోరియేగా నిలిపిన అభ్యర్థి కార్లోస్ దూకే. ఆరియాస్ స్థాపించిన పక్షపు పేరును కూడ ఎన్నికల న్యాయస్థానము ప్రభుత్వమునకు అనుకూలమైన ఒక ముఠాకు కట్టబెట్టెను. ఎండారా పరాయిపక్షముల గుర్తులపై పోటీచేయవలసివచ్చెను. అయినను జనము తప్పుదారి పోలేదు. ఓటు వేయువారు భయమునకు లొంగుదురనుకొన్నవారి అంచనా తలక్రిందులైనది. కాథలిక్ చర్చివారు పోలింగుస్థానముల నుండి స్వయముగా సేకరించిన లెక్కలనుబట్టి ఎండారాకు దాదాపు మూడింతల ఆధిక్యము వచ్చినది. పరిశీలకుడుగా వచ్చిన కార్టరు ఎన్నికల అధికారులను చూచి, మీరు నీతిపరులా దొంగలా యని వారి భాషలోనే అడిగెను. మే 10వ తేదీన ప్రభుత్వము ఎన్నికలనే రద్దుచేసెను.

ఆ దినముననే ముగ్గురభ్యర్థులును రాజధాని వీథులలో ఊరేగింపుగా బయలుదేరిరి. “గౌరవదళములు” అను పేర నోరియేగా పెంచి పోషించిన మూకలు కఱ్ఱలతో, ఇనుపకమ్ములతో వారిపై బడినవి. ఎండారా తలపై ఇనుపదెబ్బ తగిలి నేలకూలెను. ఫోర్డ్ అంగరక్షకుడు కాల్పులలో ప్రాణము విడిచెను. తెల్లచొక్కా నిండ నెత్తురుతో, కొట్టుచున్నవాని యెదుట నిలువబడిన ఫోర్డ్ ఛాయాచిత్రము మరునాడు ప్రపంచమున పత్రికలన్నింట ప్రకటితమైనది. ఆ చిత్రమున లేని ఎండారా ఆసుపత్రిలో తలకు కుట్లు వేయించుకొనుచుండెను. పైవారమునుండి జనమునకు ఆయన గూర్చి చెప్పుకొనుటకు ఒక కథ దొరికినది. న్యాయగ్రంథములు చదువుకొను తియ్యరొట్టె దెబ్బ తిని పారిపోలేదు. సెప్టెంబరులో నోరియేగా మరియొక కీలుబొమ్మను అధ్యక్షుడని నిలుపగా, ఎండారా తన కార్యాలయమున నిరశనవ్రతము పూనెను.

ఇంతవరకు కథ నడచిన తీరు గమనింపదగినది. తన దేశపు జనము ఓటువేసి గెలిపించిన మనుష్యుడు. తన నెత్తురు తన వీథులలో చిందించిన మనుష్యుడు. లంకలో విభీషణునకు ఓటువేసినవారు లేరు. ఎండారా హక్కు పరులిచ్చినది కాదు. అది మే నెలలోనే వచ్చినది. ఆ హక్కును అనుభవింపనిచ్చుటకు వచ్చినవారు మాత్రము పరులు. ఇందే ఉన్నది చిక్కంతయు.

అక్టోబరు 3వ తేదీన నోరియేగా సైన్యములోనే ఒక మేజరు తిరుగుబాటుచేసి విఫలుడై ప్రాణము కోల్పోయెను. డిసెంబరు 15వ తేదీన నోరియేగా నియమించుకొన్న సభ ఆయనను ప్రభుత్వాధినేతగా ప్రకటించి, అమెరికాతో తమకు యుద్ధస్థితి యేర్పడియున్నదని తీర్మానించెను. మరునాటి రాత్రి పనామా సైనికులు ఒక తనిఖీస్థానమున కాల్పులు జరుపగా ఒక అమెరికా లెఫ్టినెంటు మరణించెను. అధ్యక్షుడు జార్జి బుష్ ఆజ్ఞ యిచ్చెను.

ఎండారా ఆ ఆజ్ఞను కోరలేదు. విదేశీ సైనికజోక్యము మంచిది కాదని ఆయన అంతకు పూర్వము చెప్పియే యుండెను. డిసెంబరు 19వ తేది సాయంకాలము ఆయననును, సహచరులనును అమెరికా అధికారులు తమ స్థావరమునకు పిలిపించి, మరి కొన్ని గంటలలో దాడి జరుగబోవుచున్నదని తెలిపిరి. ఆ మాట తన తలపై తన్నినట్లుండెనని, తమ్ము నిజముగా సంప్రదించినవారు లేరని ఆయన తరువాత చెప్పెను. మేలో తగిలిన ఇనుపదెబ్బకు తోడు ఇది రెండవదెబ్బ. ఈ దెబ్బకు కుట్లు వేయు వైద్యుడు లేడు.

ఆయన యెదుట రెండే దారులు. పదవిని కాదని ఇంటికి పోవచ్చును. కాని దాడి ఆగదు, సూర్యోదయమునకు దేశమునకు నోరియేగాయు లేడు, ఎండారాయు లేడు, పరిపాలించువాడు అమెరికా సైన్యాధిపతి యగును. లేదా ఆ స్థావరముననే ప్రమాణము చేయవచ్చును. అప్పుడు పరులు గద్దెనెక్కించిన అధ్యక్షుడను మచ్చ జీవితాంతము వదలదు. నిరాకరించి చేతులు కడుగుకొనుట సులభము. ఆ తరువాత చరిత్రకారులు మెచ్చుకొందురు. ప్రమాణము చేసినవాడు తరువాతి ప్రతి శవమునకు జవాబు చెప్పుకొనవలసియుండును. ఎండారా రెండవదారి నెంచుకొనెను. ఆ క్షణమున తనకు వేరుదారి లేకుండెనని ఆయన వాదము. అది నిజము కావచ్చును. అయినను, తన ప్రజల నడుమ, తన దేశపు న్యాయస్థానపు మెట్లపై, కొన్ని దినములు ఆలస్యముగానైనను ఆ ప్రమాణము చేసియుండినచో ఎంత బాగుండెడిదోయని నేటికిని ఆ దేశమున అనుకొనువారున్నారు. మంచిపని చేయు చోటు గూడ మంచిది కావలెను గదా!

తెల్లవారునప్పటికి ఎల్ చొరీయో మండుచున్నది. కాలువ త్రవ్వుకాలమున కూలీలకొరకు కట్టిన చెక్కయిండ్లు గల పేదలవాడ అది. నోరియేగా సైన్యపు ప్రధానకార్యాలయము ఆ వాడ నడుమ నుండుటయే ఆ పేదలు చేసికొన్న పాపము. వేలమంది నిలువనీడ లేనివారైరి. అందు పెక్కుమంది నెలలతరబడి ఆల్‌బ్రూక్ విమానాశ్రయమున, విమానములు నిలుపు కొట్టములో, గుడ్డతెరలు కట్టుకొని కాపురముండిరి. అమెరికా పక్షమున మరణించిన సైనికులు 23 మంది. వారి పేర్లు, ఊళ్లు అన్నియు లెక్కకెక్కినవి. పనామావారి మరణముల లెక్క మాత్రము నేటికిని తేలలేదు. అమెరికా సైన్యము చెప్పిన సంఖ్య 516. మానవహక్కుల సంఘములు కొన్ని పౌరులే అనేక వందలని చెప్పగా, మరికొందరు వేలని చెప్పిరి. కొందరిని సామూహికముగా పూడ్చిపెట్టిరి. అనంతరము ఆ గోతులను త్రవ్వి, ఎముకలను వెలికితీసి గుర్తింప ప్రయత్నించిరి.

దాడి జరిగిన దినములలోనే రాజధానిలో దోపిడి విజృంభించినది. పాత పోలీసు లేదు, క్రొత్త పోలీసు పుట్టలేదు. నోరియేగా డిసెంబరు 24వ తేదీన పోపు ప్రతినిధి నివాసమున తలదాచుకొనెను. ఆ భవనము చుట్టు అమెరికా సైనికులు పెద్ద పెద్ద లౌడుస్పీకర్లు పెట్టి రాత్రింబవళ్లు పాటలు మ్రోగించిరి. పొరుగున నున్నవారికి ఎవరిమీద జాలిపడవలెనో తెలియలేదు. 1990 జనవరి 3వ తేదీన నోరియేగా లొంగిపోగా ఆయనను అమెరికాకు తరలించి విచారించి శిక్షించిరి.

డిసెంబరు 27వ తేదీన పనామా ఎన్నికల న్యాయస్థానము మే నెల ఎన్నికల రద్దును కొట్టివేసి, ఎండారా గెలుపును ధ్రువపరచినది. కొలువెక్కిన వారము దినములకు చట్టము వచ్చి చేరినది. అంతలో ప్రపంచము తన తీర్పు చెప్పనే చెప్పినది. అమెరికా దేశముల సంస్థలో 20 దేశములు ఆ జోక్యమునకు విచారము తెలిపినవి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో డిసెంబరు 29వ తేదీన దానిని గర్హించు తీర్మానము 75 ఓట్లకు 20 ఓట్లతో నెగ్గినది. పనామాలో నున్న జనములో మాత్రము పెక్కుమంది నోరియేగా పీడ వదలినదని సంతోషించిరనుట దాపరికము లేని సత్యము. వెలుపలివారు సూత్రమును చూచిరి, లోపలివారు తమ వీథిలోని మూకలు మాయమగుట చూచిరి. ఎల్ చొరీయోవారు మాత్రము తమ ఇండ్ల బూడిదను చూచిరి.

ఎండారా చేతికి వచ్చినది ఉత్తి బొక్కసము. సహాయము చేయుదుమన్న అమెరికా చట్టసభలో తగవులాడుచు కాలము గడపినది. 1990 మార్చి నెల ఆరంభమున దేశాధ్యక్షుడు రాజధానిలోని పెద్దచర్చిలో పరుపు వేయించుకొని ఉపవాసమునకు కూర్చుండెను. పేదల కష్టములో పాలుపంచుకొనుటకే తన ఉపవాసమని ఆయన చెప్పినను, దాని లక్ష్యము వాషింగ్టన్ అని గ్రహింపనివారు లేరు. సుమారు రెండు వారములు ఆ దీక్ష సాగినది. మన దేశమున ఉపవాసదీక్ష యెరుగనివారు లేరు. అది అధికారము లేనివాని ఆయుధము. అధికారపీఠమున నున్నవాడే ఆ ఆయుధము పట్టవలసివచ్చినచో, అసలు అధికారమెక్కడనున్నదో చెప్పనక్కరలేదు. మే నెలలో అమెరికా 42 కోట్ల డాలర్ల సహాయమును మంజూరుచేసినది. అందును తక్షణమే చేతికందినది కొంతయే. ఎండారా ఉపవాసమున చిక్కిన శరీరమును గూర్చియు, ఆ యేడే తనకంటె వయసున చాల చిన్నదియైన విద్యార్థినిని ద్వితీయవివాహము చేసికొనుటను గూర్చియు పత్రికలవారు వ్రాసిన హాస్యము అంతయింత కాదు. ప్రభువును హేళనచేసి పత్రికలు నిర్భయముగా వ్రాయగలుగుట ఆ దేశమున ఇరువదియేండ్ల తరువాత మరల కనబడిన వింత. ఆ వింతకు కారకుడు ఆయనయే యని హేళనచేసినవారు గుర్తించినట్లు లేదు.

అదే సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మరియొక పరీక్ష వచ్చినది. పాతసైన్యమునుండి యేరి కూర్చిన క్రొత్త పోలీసుదళములో కొందరు, చెరనుండి తప్పించుకొన్న ఎడ్వార్డో ఎర్రేరా అను మాజీ కర్నలు నాయకత్వమున, పోలీసు ప్రధానకార్యాలయమును ఆక్రమించిరి. ఎండారా మరల అమెరికా సైన్యమును పిలిచెను. సుమారు 500 మంది సైనికులు వచ్చి ఆ తిరుగుబాటును ఒక్క దినములో అణచివేసిరి. ఒక యేడు క్రిందట పిలువకుండ వచ్చినవారిని ఈసారి పిలిచినవాడు ఆయన. మొదటిదానిని గూర్చి ఆయన చెప్పుకొన్న సమాధానము ఎంతమాత్రము చెల్లునో, రెండవదానికి అంతకంటె కష్టము.

అయితే ఆ రాత్రి నేర్పిన పాఠమును ఆయన మరువలేదు. కూలద్రోయుటకు సైన్యమే లేకున్నచో కూలద్రోయువాడును ఉండడు. 1990 ఫిబ్రవరిలోనే ఒక ఉత్తరువు ద్వారా నోరియేగా సైన్యమును రద్దుచేసి దాని స్థానమున పోలీసును ఏర్పరచియుండెను. దానిని రాజ్యాంగముననే చేర్పవలెనని 1992 నవంబరులో ప్రజాభిప్రాయసేకరణము జరిపించెను. ప్రజలు దానిని తిరస్కరించిరి. సైన్యముపై ప్రేమచేత కాదు. అప్పటికి ఎండారాపై ప్రేమ తగ్గినందువలన. నిరుద్యోగము తీరలేదు, మాదకద్రవ్యముల వ్యాపారము ఆగలేదు, తోడు నిలిచిన పక్షములలో కలహములు ముదిరి కాల్డెరోన్ ఉపాధ్యక్షపదవికి రాజీనామా చేసెను. ఎండారా పట్టు విడువక చట్టసభద్వారా ప్రయత్నించెను. 1994లో పనామాకు సైన్యముండదను నిబంధన రాజ్యాంగమున చేరినది. పొరుగుననే యున్న కోస్టారికా 1948లో చేసిన పని ఇది. ఆరియాస్ను మూడుమారులు దింపిన చేతులు ఆ నిబంధనతో కట్టబడినవి. ఆ గురువునకు ఈ శిష్యుడు చెల్లించిన దక్షిణ ఇదియే యనవచ్చును.

1994 మే నెలలో జరిగిన ఎన్నికలలో గెలిచినది తోరీహోస్ స్థాపించిన పక్షము. 1989లో ఎండారాకు ఎదురు నిలిచిన దూకే ఆ పక్షమువాడే. ఓట్లలెక్కలో తగవు లేదు. సెప్టెంబరు 1వ తేదీన ఎండారా తన భుజముననున్న అధ్యక్షపట్టమును ఆ పక్షమువాడైన పెరెస్ బయ్యదారెస్ భుజమునకు మార్చి ఇంటికి పోయెను. ఐదేండ్ల క్రిందట తన తలపై ఇనుపకమ్మీ వేసినవారి పక్షమునకు, ఓటుపెట్టె చెప్పినందున, చిరునవ్వుతో అధికారమిచ్చినవారు చరిత్రలో చాలమంది ఉండరు. ఆ దినము పట్టాభిషేకము జరిగినది పనామా నేలపై, పనామా ప్రజల ఎదుట. కాని ఆ దినము పట్టము పుచ్చుకొన్నవాడు ఎండారా కాడు.

తరువాత 2004లో ఆయన మరల పోటీచేసి నూటికి 30కి పైగా ఓట్లతో రెండవవాడుగా నిలిచెను. తోరీహోస్ కుమారుడు గెలిచెను. 2009లో మరియొక పర్యాయము నిలిచి చాల తక్కువ ఓట్లు తెచ్చుకొనెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన, 73వ యేట, స్వగృహమున కన్నుమూసెను. అంతకు పదేండ్ల ముందే, 1999 డిసెంబరు 31వ తేదీన, కాలువ పనామా చేతికి వచ్చినది. ఫోర్ట్ క్లేటన్ స్థావరము కూడ అమెరికా సైన్యపు చేతినుండి తొలగి పనామాకు దక్కినది. నాడు ముగ్గురు ప్రమాణము చేసిన ఆ చోట నేడు పలుదేశముల సంస్థల కార్యాలయములును, విద్యాసంస్థలును నడచుచున్నవి.

మృతుల లెక్క తేల్చుటకు 2016లో పనామా ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. 2022లో చట్టసభ డిసెంబరు 20వ తేదిని శాశ్వతముగా జాతీయ సంతాపదినముగా నిర్ణయించినది. ఏటేట ఆ దినమున ఎల్ చొరీయోలో మిగిలినవారు పూవులు పట్టుకొని సమాధుల యొద్దకు పోవుదురు. ఎండారా అధ్యక్షుడైన తేదియు అదియే.